కుర్చీ వేసి పిలిచిన కంపెనీలు

దేశాల వేదికలుగా మొదలైన అంతర్జాతీయ ప్రదర్శనలు రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో కంపెనీల వేదికలుగా మారాయి. మోటారు కార్లు, విద్యుత్తు, రసాయనాలు, టెలిఫోన్లు అమ్మే సంస్థలు ప్రదర్శన మైదానంలో స్థలం తీసుకుని సొంత భవనాలు కట్టుకున్నాయి. వాటికి పెవిలియన్లని పేరు. ప్రతి పెవిలియన్‌లోనూ సరుకు చూపే హాలుతో పాటు వచ్చినవాళ్లు కూర్చునే గది ఉండేది. అదే లౌంజ్. తెలంగాణ ఇళ్లలో, గడీల్లో దివాన్‌ఖానాకు ఉన్న స్థానమే పెవిలియన్‌లో దానిది. అతిథి మొదట అడుగు పెట్టేదీ, ఇంటివారి స్తోమత మొదట కనిపించేదీ అక్కడే.

ఈ గదుల చరిత్రను కుర్చీల నమూనాల చరిత్రగా రాయడం రివాజు. ఎవరిని కూర్చోబెట్టారు, ఎవరిని నిలబెట్టారు, కూర్చోవడానికి కావలసినవన్నీ ఎవరి చేతులు తయారుచేశాయి అన్న వరుసలో చూస్తే అసలు విషయం బయటపడుతుంది. అలా చూసినప్పుడు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ఈ కథకు దూరంగా ఏమీ లేవు.

కూర్చోబెట్టడం ఎందుకు

ప్రదర్శన అంటే నడక. 1939 నాటి న్యూయార్క్ ప్రదర్శన మైదానం 1,216 ఎకరాలు. కాళ్లు లాగుతున్న మనిషికి ఎంత గొప్ప యంత్రం చూపినా కళ్లు దాని మీద నిలవవు. ఈ సంగతి నిర్వాహకులకు చాలా ముందే తెలుసు. 1851లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శనలో ఒక పెన్నీ తీసుకుని వాడుకోనిచ్చిన విశ్రాంతి గదులకు, మరుగుదొడ్లకు 8 లక్షల 27 వేల మందికి పైగా వెళ్లారు. అప్పట్లో అది డబ్బు తీసుకుని అందించిన సౌకర్యం. 1920ల తర్వాత కంపెనీలు దాన్ని ఉచితం చేసి, అమ్మకంలో భాగం చేసుకున్నాయి. కూర్చున్న మనిషి తీరిగ్గా చూస్తాడు, చెప్పింది వింటాడు. అతను కూర్చున్న కుర్చీ గుడ్డ, కాళ్ల కింది తివాచీ, తల మీది దీపం, గదిలోని చల్లగాలి కూడా అమ్మకానికి ఉన్న సరుకులే. గదే నమూనా అయిపోయింది.

పారిస్, 1925

ఈ మార్పు స్పష్టంగా కనిపించిన మొదటి చోటు పారిస్. 1925 ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా అక్కడ ఆధునిక అలంకరణ, పారిశ్రామిక కళల ప్రదర్శన జరిగింది. ఆర్ట్ డెకో అన్న పేరు తరవాతి కాలంలో దీని నుంచే పుట్టింది. పాత శైలులకు నకళ్లు తేకూడదు, కొత్తగా చేసిందే తేవాలి అన్నది నియమం. పారిస్‌లోని నాలుగు పెద్ద డిపార్ట్‌మెంట్ దుకాణాలు తలా ఒక పెవిలియన్ కట్టాయి. ప్రింటాంప్ వారిది ప్రిమవేరా, గాలరీ లఫాయెత్ వారిది లా మెత్రీజ్, బాన్ మార్షే వారిది పొమోన్, లూవ్ర్ దుకాణానిది స్టూడియమ్. లా మెత్రీజ్‌ను మోరిస్ ద్యుఫ్రెన్, పొమోన్‌ను పాల్ ఫోలో నడిపారు. ఈ పెవిలియన్లలో సరుకును అలమరల్లో పేర్చలేదు. భోజనశాల, పడకగది, అతిథుల గది అని పూర్తి గదులుగానే అమర్చి చూపారు. చూసినవాడు ఒక్క కుర్చీతో సరిపెట్టుకోకుండా ఆ గది మొత్తాన్ని కోరుకోవాలన్నది ఆలోచన. ఈ రోజు ఏ ఫర్నిచర్ షోరూముకు వెళ్లినా కనిపించే పద్ధతి అదే.

ఫర్నిచర్ రూపకర్త ఎమీల్-జాక్ రూల్‌మన్ కట్టించిన ‘కళా సేకర్త భవనం’లోని పెద్ద సలోన్‌ను చూడటానికి జనం ఎగబడ్డారు. భవనం పియేర్ పతూ రూపకల్పన. సలోన్ గోడ మీద జాన్ ద్యుపా వేసిన చిలకల చిత్రం ఉండేది. అయితే మన చేతిపనుల వైపు నుంచి చూసేవారికి అంతకంటే ముఖ్యమైన గది ఇంకొకటి ఉంది. ‘ఫ్రెంచి రాయబార కార్యాలయం’ అన్న ఊహతో అలంకరణ కళాకారుల సంఘం కట్టిన పెవిలియన్‌లో జాన్ ద్యునాన్ ఒక ధూమపాన గది చేశాడు. గోడల నిండా నల్లటి లక్క పూత, పైకప్పుకు వెండి రేకు, అక్కడక్కడ ఎరుపు. ద్యునాన్ ఈ పూతను 1912లో సుగవారా సెయిజో అనే జపాన్ పనివాని దగ్గర నేర్చుకున్నాడు. చెట్టు పాలను పలచగా పూసి, తేమగాలిలో ఆరనిచ్చి, నునుపు చేసి, మళ్లీ పూయాలి. అలా ఎన్నో పొరలు పడితే గాని ఆ నలుపుకు లోతు రాదు. లక్కలో తెల్లరంగు సరిగా పలకదు కాబట్టి తెలుపు కావలసిన చోట గుడ్డు పెంకు ముక్కలను అతికేవాడు. అతని కర్మాగారంలో ఈ పని చేసినవారిలో ఇండోచైనా నుంచి వచ్చిన పనివాళ్లున్నారు. గది ద్యునాన్ పేరుతో నిలిచింది. వాళ్ల పేర్లు చరిత్ర పుస్తకాలకు ఎక్కలేదు.

పారిస్ గాలి భారతదేశాన్నీ తాకింది. ఇందోర్ మహారాజు యశ్వంత్‌రావు హోల్కర్ 1930ల మొదట్లో ఎకార్ట్ ముతేసియస్ అనే జర్మన్ వాస్తుశిల్పితో మాణిక్‌బాగ్ భవనం కట్టించుకుని, రూల్‌మన్ వంటి వారి ఫర్నిచర్ తెప్పించుకున్నాడు.

రాజుకో కుర్చీ, జనానికో కుర్చీ

1929 బార్సెలోనా ప్రదర్శనలో జర్మనీ కట్టిన పెవిలియన్ కంపెనీది కాదు, ప్రభుత్వానిది. అయినా దాన్ని వదిలి ఈ కథ చెప్పలేం. మీస్ వాన్ డెర్ రోహె, లిలీ రైఖ్ కలిసి రూపొందించిన ఆ భవనంలో చూపడానికి సరుకే లేదు. ట్రావర్టీన్ రాయి, ఆకుపచ్చ పాలరాయి, బంగారు ఛాయ ఓనిక్స్ గోడ, ఒక ఎర్ర తెర, నల్లని తివాచీ, కొన్ని కుర్చీలు, అంతే. భవనం మొత్తం అతిథుల్ని ఆహ్వానించే గదే. స్పెయిన్ రాజు 13వ అల్ఫోన్సో వస్తే ఆసీనుడవడానికని చేసిన ఆ కుర్చీయే ‘బార్సెలోనా చెయిర్’. ఇప్పుడు ప్రపంచమంతటా ఆఫీసుల రిసెప్షన్లలో దాని నకళ్లు కనిపిస్తాయి. పెవిలియన్‌ను 1930లో విప్పేశారు. ఇప్పుడు అక్కడ ఉన్నది 1986లో పూర్తయిన పునర్నిర్మాణం.

అమెరికాలో దారి వేరు. 1933-34లో చికాగోలో ‘శతాబ్ది ప్రగతి’ ప్రదర్శన జరిగేనాటికి ఆ దేశం ఆర్థికమాంద్యంలో కూరుకుపోయి ఉంది. కార్ఖానాలు మూతపడి, కంపెనీల మీద జనానికి నమ్మకం సడలిన కాలం. జనరల్ మోటార్స్ తన పెవిలియన్‌లో ఏకంగా కార్లు బిగించే లైనునే నడిపి చూపింది. ఫోర్డ్ 1934లో ఆల్బర్ట్ కాన్ చేత రొటుండా అనే గుండ్రటి భవనం కట్టించి, లోపలి ప్రదర్శనను వాల్టర్ డార్విన్ టీగ్‌కు అప్పగించింది. ఇంటి నమూనాల విభాగంలో గిల్బర్ట్ రోడ్ అమర్చిన గదుల్లో హెర్మన్ మిల్లర్ కంపెనీ ఫర్నిచర్ ఉంది. క్రోమ్ పూత పూసిన ఉక్కు గొట్టం, బేకలైట్, లినోలియం, గోడ అంచుల్లో దాచిన దీపాలు, ఈ గదుల ముడిసరుకులు ఇవీ. చెక్క, రాయి వెనక్కు తగ్గాయి. కంపెనీ ఏది తయారుచేస్తే గదిలో అదే కనిపించాలన్నది నియమంలా మారింది.

1937 పారిస్ ప్రదర్శనలో ఒక విద్యుత్ కంపెనీ ‘కాంతి భవనం’ కోసం రౌల్ ద్యుఫీ చేత 60 మీటర్ల పొడవు, 10 మీటర్ల ఎత్తు చిత్రం గీయించింది. కంపెనీ డబ్బుతో గోడ ఎంత దూరం సాగగలదో చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు.

1939 ఏప్రిల్ 30న మొదలైన న్యూయార్క్ ప్రదర్శన ఈ వరుసలో శిఖరం. జనరల్ మోటార్స్ పెవిలియన్‌లో నార్మన్ బెల్ గెడెస్ చేసిన ‘ఫ్యూచరామా’కు మెత్తని పరుపు వేసిన 552 కుర్చీలు అమర్చారు. అవి కదిలే పట్టా మీద వరుసగా సాగిపోతుంటే, కింద 1960 నాటి అమెరికా నమూనా పరుచుకుని ఉండేది. కుర్చీలో అమర్చిన స్పీకరు చెవి పక్కనే కథ చెప్పేది. జనం దీని కోసం గంటల తరబడి వరుసలో నిలబడ్డారు. రాజు కోసం చేసిన కుర్చీకీ దీనికీ పదేళ్లే తేడా. టిక్కెట్టు కొన్న ప్రతివాడికీ కాసేపు రాజయోగం పట్టింది. అయితే ఆ కుర్చీ సాగినంతసేపూ అతను కంపెనీ చూపించిందే చూడాలి, చెప్పిందే వినాలి. లేచి నడిచే వీలు లేదు.

అదే మైదానంలో ఫోర్డ్ భవనంలో టీగ్ రూపొందించిన లౌంజ్ ఇంకో రకం. అది అధికారులకు, వారు పిలిచిన అతిథులకు. జనానికి కదిలే కుర్చీ, ఆహ్వానితులకు కదలని సోఫా. ఈ విభజన తర్వాత విమానాశ్రయాల్లో, బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో స్థిరపడిపోయింది. ఈ ప్రదర్శనలు ప్రపంచానికి ఇచ్చిన వాటిలో ఎక్కువ కాలం నిలిచింది ఇదే అనిపిస్తుంది.

హైదరాబాద్ రాజ్యంలో అదే దశాబ్దం

చికాగో, న్యూయార్క్ ప్రదర్శనల మధ్య కాలంలోనే నిజాం రాజ్యంలోనూ పెద్ద పరిశ్రమలు లేచాయి. 1934లో వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు, 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ. ఆదిలాబాద్ జిల్లా సిర్పూర్ దగ్గరి కొత్తపేటలో 1938లో పేపర్ మిల్లుకు పునాది పడింది. 1942లో కాగితం రావడం మొదలై, ఊరు కాగజ్‌నగర్ అయింది. ఆ మిల్లుకు ముడిసరుకు చుట్టూ ఉన్న అడవుల వెదురు. అదే అడవి మీద హక్కు కోసం పోరాడిన కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చాడు. పరిశ్రమల కథ రాసేవారు ఈ రెండు సంగతులనూ ఒకే పేజీలో రాయాలి.

ఈ సరుకులన్నిటినీ ఒక చోట చూపే ప్రయత్నమే నుమాయిష్. ఉస్మానియా పట్టభద్రుల సంఘం ముల్కీ వస్తువుల ప్రదర్శనగా దాన్ని 1938 ఏప్రిల్‌లో పబ్లిక్ గార్డెన్స్‌లో, దాదాపు వంద స్టాళ్లతో మొదలుపెట్టింది. రాజ్యం ఆర్థిక పరిస్థితిని సర్వే చేయడానికి నిధులు కూడబెట్టడం వాళ్ల ఉద్దేశం. 1946లో అది నాంపల్లి మైదానానికి మారింది. 1947, 1948ల్లో జరగలేదు. 1949 నుంచి అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శనగా సాగుతోంది. పారిస్, న్యూయార్క్ పెవిలియన్లలాగా ఒక్కో కంపెనీ కోట్లు పోసి కట్టిన భవనాలు అక్కడ లేవు. స్టాలు, బల్ల, దాని మీద సరుకు. చదువుకున్న యువకులు సొంత పూనికతో పెట్టిన ప్రదర్శన కావడమే నుమాయిష్ ఘనత. కంపెనీల ప్రచారం కంటే దేశీయ సరుకు మీద మమకారమే దాన్ని నడిపింది.

నలుపు మీద బంగారం

ద్యునాన్ గదిలో కనిపించిన నల్ల పూత ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని నిర్మల్‌కు కొత్త కాదు. ఇక్కడి నకాషీ కళాకారులకు దాదాపు నాలుగు వందల ఏళ్ల వారసత్వం ఉంది. ఈ పనికి ఆద్యుడు నిమ్మనాయుడని స్థానికులు చెబుతారు. ఊరి పేరూ ఆయన నుంచే వచ్చిందంటారు. నిజాం నిర్మల్ వచ్చినప్పుడు ఆయన ఆసనం పైన అరటి పువ్వు ఆకారంలో ఒక అలంకారం వేలాడదీసి, దారం లాగితే బంగారు రేకులు ఆయన మీద రాలేలా చేశారని, దానికి ముచ్చటపడి ఆయన ఈ కళను ఆదరించాడని ఒక కథ వాడుకలో ఉంది. నిజానిజాలు ఎలా ఉన్నా, అతిథి కూర్చునే చోటే తమ పనితనానికి సరైన ప్రదర్శనశాల అని ఈ కళాకారులు గ్రహించారని ఆ కథ చెబుతుంది. పారిస్ దుకాణాలు 1925లో పట్టుకున్న కిటుకు అదే.

బొమ్మకు వాడేది పొనికి కర్ర. తేలిక, మెత్తన, ఉలికి సులువుగా లొంగుతుంది. విడివిడిగా చెక్కిన భాగాలను చింతగింజల ముద్ద, రంపపు పొట్టు కలిపిన జిగురుతో అతికి, దానితోనే ఒళ్లంతా పూత పూస్తారు. ఆరిన తర్వాత నునుపు చేసి, తెల్ల సుద్ద పూసి, మళ్లీ రుద్ది, అప్పుడు రంగు వేస్తారు. చిత్రాలు, బల్లలు, మడత తెరలు, పళ్లేలకు ఎక్కువగా నల్లటి నేల, దాని మీద పూలు, పక్షులు, రామాయణ, మొగలాయీ దృశ్యాలు. ఆకుల పసరుతో చేసే ఒక పూత బంగారంలా మెరిసేది. దానికి ‘నిర్మల్ బంగారం’ అని పేరు. హైదరాబాద్‌లో నిజాం ప్రధానమంత్రి భార్య లేడీ హైదరీ ఆదరణ దొరికాక నిర్మల్ పని నగరంలోని సంపన్నుల డ్రాయింగ్ రూముల్లోకి వెళ్లింది. 1955లో నిర్మల్‌లో కళాకారుల సహకార సంఘం ఏర్పడింది.

రంగుల దగ్గరే ఈ రెండు ప్రపంచాలు నేరుగా కలుస్తాయి. ఖనిజాలు, ఆకులు, గింజల నుంచి తీసిన పాత రంగుల స్థానంలో నిర్మల్ కళాకారులు తర్వాతి కాలంలో ‘డ్యూకో’ రంగులు వాడటం మొదలుపెట్టారు. ఆ పేరు డ్యూపాంట్ కంపెనీది. 1920ల మొదట్లో ఆ కంపెనీ కార్ల కోసం తయారుచేసిన పూత అది. అంతకు ముందు కారు రంగు ఆరడానికి వారాలు పట్టేది, డ్యూకోతో గంటలకు తగ్గింది. దాన్ని మొదట వాడినది జనరల్ మోటార్స్, ఓక్లాండ్ కార్ల మీద. న్యూయార్క్ మైదానంలో సొంత పెవిలియన్లతో గొప్ప చాటుకున్న ఆ రెండు కంపెనీల రసాయనం నిర్మల్ గల్లీలో పొనికి కర్ర మీద జింకకు, చిలకకు రంగయింది. త్వరగా ఆరడం, మెరుపు, నిలకడ చూసి కళాకారులే దాన్ని ఎంచుకున్నారు. సంప్రదాయం చెడిందని వాపోయేవారు ఈ ఎంపిక వెనకున్న పని తెలివిని కూడా గుర్తించాలి.

వెండి తీగ, వీడ్కోలు తాంబూలం

కరీంనగర్ వెండి తీగ పని ఎలగందులలో పుట్టింది. 1905లో జిల్లా కేంద్రం ఎలగందుల నుంచి కరీంనగర్‌కు మారాక పనివాళ్లూ వెంట వచ్చారు. వెండిని కరిగించి, కమ్మచ్చు రంధ్రాల గుండా లాగి సన్నటి తీగ చేస్తారు. రెండు తీగలు కలిపి పురిపెట్టి, చదును చేసి, చుట్టలు, ఆకులు, రెక్కలుగా వంచి, మందపాటి తీగతో చేసిన చట్రంలో నింపుతారు. వెలిగారం, వెండి టంకం చల్లి, ఊదుగొట్టంతో మంట పట్టిస్తే ముక్కలన్నీ ఒకటవుతాయి. మంట ఒక్క క్షణం ఎక్కువైతే తీగ కరిగి పనంతా పాడవుతుంది. చివర కుంకుడు రసంతో కడిగి మెరుగు తెస్తారు.

ఈ తీగతో అల్లినవి ఏమిటో చూస్తే అతిథులు కూర్చునే గది కళ్లకు కడుతుంది. పాన్‌దాన్, అత్తరుదాన్, గులాబ్‌పాష్, పళ్లేలు, నగల పెట్టెలు. ఇవన్నీ అతిథి మర్యాదకు కావలసినవి. వచ్చినవారి మీద పన్నీరు చిలకరించడం, వెళ్లేటప్పుడు అత్తరు పూసి తాంబూలం ఇవ్వడం దక్కన్ దివాన్‌ఖానా పద్ధతి. బేకలైట్ బూడిద గిన్నె, క్రోమ్ దీపం అమెరికా లౌంజ్‌లో చేసిన పని ఇక్కడ ఇవి చేశాయి.

ఆ దివాన్‌ఖానాలో అందరికీ చోటు లేదు. 1930లలో ఈ జిల్లాల గడీల్లో దొర ముందు రైతు కుర్చీ మీద కూర్చోవడం ఊహించలేని మాట. వెట్టి చేసే కులాలవాళ్లు వాకిట్లోనే నిలబడాలి. 1930లో జోగిపేటలో మొదలై 1935లో కరీంనగర్ జిల్లా సిరిసిల్లకు వచ్చిన నిజాం రాష్ట్రాంధ్ర మహాసభలు ఎత్తిన ప్రశ్నల్లో వెట్టి ప్రధానమైనది. సరిగ్గా అప్పుడే అమెరికాలో కంపెనీలు సామాన్యుణ్ణి మెత్తటి కుర్చీలో కూర్చోబెడుతున్నాయి. అక్కడ కుర్చీ కొనుగోలుదారుకు వేసిన ఎర. ఇక్కడ కూర్చునే హక్కు కోసం మనుషులు జైళ్లకు వెళ్లారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. పాన్‌దాన్ అల్లిన చేతులకూ ఆ గదిలో ఆసనం ఉండేది కాదు.

ఆ తర్వాత

1939 సెప్టెంబరులో యుద్ధం మొదలైంది. న్యూయార్క్ ప్రదర్శన 1940 అక్టోబరులో ముగిసింది, పెవిలియన్లలో ఎక్కువ భాగం కూల్చేశారు. రొటుండాను ఫోర్డ్ అప్పటికే డియర్‌బోర్న్‌కు తరలించి సందర్శకుల కేంద్రంగా వాడింది. అది 1962లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఆ గదుల కోసం చేసిన ఫర్నిచర్ కొంత ఇప్పుడు మ్యూజియాల్లో ఉంది.

నిర్మల్, కరీంనగర్ పనులు మాత్రం ఇంకా పనివాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. కరీంనగర్ వెండి తీగ పనికి 2007లో, నిర్మల్ బొమ్మలకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నిర్మల్ ఫర్నిచర్‌కు, చిత్రాలకు కూడా విడిగా ఆ గుర్తింపు ఉంది. 2023లో ఢిల్లీలో జరిగిన జీ20 సదస్సుకు వచ్చిన ప్రతినిధుల కోసం బ్యాడ్జీలు కరీంనగర్‌లో తయారయ్యాయి. మరోవైపు పొనికి కర్ర దొరకడం ఏటేటా కష్టమవుతోంది. చెట్లు పెంచకపోతే నిర్మల్ బొమ్మకు రంగుంటుంది గాని ఒళ్లుండదు.

ఒక్కో జ్ఞాపికగా గాజు పెట్టెలో పెట్టి ఇవ్వడంతో ఈ చేతిపనులు బతకవు. వీటికి గదులు కావాలి. కొత్త జిల్లాల కలెక్టరేట్లు, రైల్వే స్టేషన్ల వెయిటింగ్ హాళ్లు, సింగరేణి, పేపర్ మిల్లు అతిథి గృహాలు, హైదరాబాద్ ఐటీ కంపెనీల రిసెప్షన్లు ఇవన్నీ మనిషి వచ్చి కూర్చునే చోట్లే. వాటికి నిర్మల్ బల్లను, మడత తెరను, కరీంనగర్ తీగ పనితో చేసిన దీపపు తొడుగును కొలతలిచ్చి చేయించుకోవచ్చు. ఆ పక్కనే పనిచేసిన కళాకారుడి పేరు, ఊరు ఒక పలక మీద రాయించాలి. ప్రభుత్వమూ కంపెనీలూ ఆ ఆర్డర్లను దళారుల ద్వారా కాకుండా నేరుగా కళాకారుల సంఘాలకే ఇవ్వాలి.